కొల్లేటికోటకు దారి – సేతువు చెప్పే ధర్మం



కొల్లేటికోటలో వెలసిన శ్రీ పెద్దింట్లమ్మ తల్లి దర్శనార్థం బయలుదేరే యాత్రికులు పెద్దలను రెండు ప్రశ్నలు అడగడం పరిపాటి. ‘ఏ దారిన వెళ్లాలి?’ అన్నది మొదటిది. ‘ఎప్పుడు వెళ్లాలి?’ అన్నది రెండవది. ఇతర క్షేత్రాల విషయంలో ఇవి రెండు వేర్వేరు ప్రశ్నలు. తిరుపతి దారి చైత్రంలో ఎటు ఉన్నదో కార్తికంలోనూ అటే ఉంటుంది. కొల్లేటికోట విషయంలో మాత్రం ఈ రెండూ ఒకే ప్రశ్న. ఎందుకంటే ఇక్కడ దారిని నిర్ణయించేది నీరు. ఈ వ్యాసంలో ఆ దారులను, వాటి పూర్వచరిత్రను, వాటి నుండి మనం నేర్చుకోవలసిన ఒక ధర్మాన్ని నాకు తెలిసినంతలో విన్నవిస్తాను.

క్షేత్రస్వరూపం

కొల్లేరు కృష్ణా గోదావరీ డెల్టాల నడుమ ఉన్న మంచినీటి సరస్సు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు మొదలైన ఏరులు, ఎన్నో మురుగుకాలువలు దీనిలో చేరుతాయి. ఇన్ని వైపులనుండి వచ్చిన నీరు సముద్రానికి పోవడానికి ఉన్నది ఒకే ఒక్క మార్గం, ఉప్పుటేరు. అది సుమారు 60 కిలోమీటర్లు వంకలు తిరుగుతూ ప్రవహించి బంగాళాఖాతంలో కలుస్తుంది. వచ్చే వాకిళ్లు అనేకం, పోయే వాకిలి ఒకటే. ఈ ఒక్క వాక్యాన్ని పాఠకులు జ్ఞాపకం ఉంచుకుంటే తరువాత చెప్పబోయేదంతా సులభంగా బోధపడుతుంది.

ఈ సరస్సులోని లంకలలో ఒకటి కొల్లేటికోట. అమ్మవారికి జలదుర్గ అని కూడా ప్రసిద్ధి. ఫాల్గుణమాసం శుద్ధపక్షంలో ఇక్కడ జాతర జరుగుతుంది. జలదుర్గా గోకర్ణేశ్వరుల కల్యాణం కూడా ఆ సందర్భంలోనే. పెద్దలు ఫాల్గుణాన్నే ఎందుకు నిర్ణయించారని నేను చిన్ననాట మా గురువుగారిని అడిగాను. ‘అప్పటికి కొల్లేరు తగ్గి, తల్లి దారి ఇస్తుంది కనుక’ అని వారు చిరునవ్వుతో సెలవిచ్చారు. దానికి శాస్త్రప్రమాణం ఏదైనా కలదేమో నేనెరుగను. కానీ నేల తెలిసినవారు చెప్పిన మాట అది.

నేటి మార్గాలు

మొదటిది ఏలూరు నుండి కైకలూరు వెళ్లే రహదారి. చెన్నై కలకత్తా నగరాలను కలిపే జాతీయ రహదారి మీదగాని, విజయవాడ రాజమహేంద్రవరం రైలుమార్గంలోగాని ఏలూరు చేరిన యాత్రికులకు ఇది దగ్గరి దారి. ఈ రాష్ట్ర రహదారి కొల్లేటిని చుట్టి పోదు, సరస్సు గర్భంలోనుండే సాగుతుంది. దారిలో పెదఎడ్లగాడి, చినఎడ్లగాడి గ్రామాలు వస్తాయి. ఇరువైపులా కిక్కిస, గుర్రపుడెక్క, చేపల చెరువులు, శీతకాలంలో దేశాంతరాలనుండి వచ్చే పక్షులు కనబడతాయి. కైకలూరు చెంత ఆటపాకలో గూడబాతుల విడిది కలదు. కైకలూరు చేరిన తరువాత ఆలపాడు వరకు వెళ్లి, అక్కడినుండి కొల్లేటికోట దారి పట్టాలి.

రెండవది పామర్రు నుండి దిగమర్రు వరకు సాగే 165వ నంబరు జాతీయ రహదారి. గుడివాడ, ముదినేపల్లి, మండవల్లి మీదుగా వచ్చేవారు కైకలూరు దాటి ఆలపాడు చేరుతారు. తాడేపల్లిగూడెం వైపునుండి వచ్చేవారు భీమవరం చేరి, ఉండి, ఆకివీడు మీదుగా ఇదే రహదారిలో వస్తారు. వారు ఆకివీడు వద్ద ఉప్పుటేరు వంతెన దాటుతారు. ఆ వంతెనపై ఒక్క క్షణం నీటి వంక చూడమని నా మనవి. కొల్లేటికి ఉన్న ఏకైక నిష్క్రమణద్వారం అదే.

2022 ఏప్రిల్‌లో ఏలూరు జిల్లా ఏర్పడేవరకు కొల్లేటికోట కృష్ణా జిల్లాలోను, ఏలూరు పశ్చిమగోదావరి జిల్లాలోను ఉండేవి. 1925లో కృష్ణా జిల్లాను విభజించిన నాటి నుండి ఒకే సరస్సును రెండు జిల్లాలు పంచుకున్నాయి. ఒక దరినుండి మరొక దరికి పోయే దారి ఇద్దరికీ చెందినది కావడంతో ఎవరికీ చెందనట్లు ఉండిపోయిన రోజులు నాకు తెలుసు.

పూర్వచరిత్ర

ఏలూరుకు సమీపంలోని పెదవేగియే ప్రాచీన వేంగీనగరం. శాలంకాయనులు, తరువాత తూర్పు చాళుక్యులు అక్కడినుండి పాలించారు. కళింగ, ద్రావిడ, కర్ణాట, మహారాష్ట్ర, కోసల దేశాలకు పోయే ఐదు పురాతన మార్గాలు వేంగిలో కలిసేవని చరిత్రకారులు నిరూపించారు. ఇంత గొప్ప కూడలికి పక్కనే ఉండి కూడా కొల్లేరు ఏ రథానికీ దారి ఇవ్వలేదు. అది వేంగికి ఆహారం ఇచ్చింది, రక్షణ ఇచ్చింది.

రెండవ పులకేశి విజయాలను వర్ణిస్తూ రవికీర్తి రచించిన ఐహోళె శాసనం శక సంవత్సరం 556 నాటిది, అనగా క్రీ.శ. 634. అందులో కునాళ జలాలు యుద్ధరక్తంతో సంజె కెంజాయ పొందినట్లు వర్ణన కలదు. ఆ కునాళం మన కొల్లేరేనని పండితుల నిర్ణయం. దండి మహాకవి దశకుమారచరిత్రలో మంత్రగుప్తుని కథ వస్తుంది. ప్రియురాలి దంతక్షతంచేత పెదవి నొచ్చినందువల్ల పెదవులు కలిసే అక్షరం ఒక్కటైనా లేకుండా అతడు తన కథ చెప్పుకుంటాడు. ఆ కథలో ఆంధ్రనగరం చెంత సముద్రమంతటి సరస్సు ఒకటి వస్తుంది. అదీ కొల్లేరేనని పలువురి అభిప్రాయం. విద్యార్థిదశలో ఆ ఘట్టం పాఠం చెప్పుకున్న రోజు సాయంకాలం నేను కొల్లేటి గట్టున కూర్చుని, పెదవులు కదపకుండా దాని పేరు పలకడానికి ప్రయత్నించాను. ‘కొల్లేరు’ అనడానికి పెదవులు తాకనక్కరలేదని తెలిసి పొందిన సంతోషం ఇప్పటికీ మరువలేదు.

ఇక కోట విషయం. ఓఢ్రదేశాధీశుడైన లాంగుల గజపతి కాలంలో ఈ లంకమీద కోట ఉండేదని, శత్రుసైన్యం ఒడ్డున చిగురుకోటలో విడిసిందని స్థలకథ. నీటి నడుమ ఉన్న కోటను చేరడానికి శత్రువులకు దారి లేకపోయింది. సరస్సును సముద్రంలోకి దింపివేస్తే నేల బయటపడుతుందని తలచి వారు ఒక కాలువ త్రవ్వారట. అదే నేటి ఉప్పుటేరు. ఆ సమయంలో ఓఢ్రసేనాని దైవానుగ్రహం కోరి తన కన్నకూతురినే బలి ఇచ్చాడని, అందువల్ల ఆ కాలువకు పేరంటాల కనమ అనే పేరు వచ్చిందని చెబుతారు. ఇది చరిత్రయో, ఐతిహ్యమో విజ్ఞులు నిర్ణయింతురు గాక. నేను గ్రహించినది ఇది: కొల్లేటికోటకు దారి కోసం మనుషులు నీటితో చేసిన మొదటి పోరాటంగా మన పెద్దలు జ్ఞాపకం ఉంచుకున్న కథలో, ఆ దారికి వెల ఒక ఆడబిడ్డ ప్రాణం.

తరువాతి కాలంలో 1852 నాటికి ధవళేశ్వరం వద్ద గోదావరిపైన, 1855 నాటికి బెజవాడ వద్ద కృష్ణపైన ఆనకట్టలు పూర్తి అయ్యాయి. రెండు నదుల కాలువలు ఏలూరులో వచ్చి కలిశాయి. పడవలు ఒక నదినుండి మరొక నదికి ఏలూరు మీదుగా సాగాయి. 1928లో గుడివాడ భీమవరం రైలుమార్గం తెరవడంతో కైకలూరు వరకు రైలులో వచ్చే వీలు కలిగింది. అక్కడినుండి మాత్రం బండి, పడవ, కాలినడక తప్పేవి కావు.

సుమారు అరవై సంవత్సరాల క్రిందట మా తల్లిగారు మొక్కు తీర్చుకోవడానికి నన్ను వెంటబెట్టుకుని దోనెలో కొల్లేటికోట వెళ్లారు. దోనె నడిపినాయన కిక్కిస పొదల మధ్య ఎక్కడ తిరగాలో ముందుగానే చెప్పేవాడు. ‘ఇది ఏటి దారి, దీనికి అడ్డం పోకూడదు’ అని ఒకచోట గడకర్ర ఆపి, ప్రవాహం వాటం చూసి, ప్రక్కగా నడిపించాడు. మాకు కనబడినదంతా ఒకే నీరు. ఆయనకు అందులో దారులు కనబడ్డాయి. నీటికి కూడా నడిచే దారులుంటాయన్న సంగతి నేను పుస్తకంలో చదవకముందే ఆయన దగ్గర విన్నాను.

సేతుశబ్దార్థం

సంస్కృతంలో ‘సేతు’ శబ్దం ‘బంధించుట’ అనే అర్థం గల ధాతువునుండి పుట్టింది. అమరసింహుడు దీనికి గట్టు అనే అర్థం చెప్పాడు. లోకవ్యవహారంలో వంతెన అనే అర్థం ప్రసిద్ధం. గట్టు నీటిని ఆపుతుంది. వంతెన నీటిని పోనిస్తుంది. పరస్పరవిరుద్ధమైన ఈ రెండు పనులకు ఒకే మాట ఎట్లా కుదిరిందని విద్యార్థులు అడిగేవారు. ఛాందోగ్యోపనిషత్తు ఆత్మను సేతువని చెబుతూ, అది లోకాలు ఒకదానితో ఒకటి కలగాపులగం కాకుండా నిలుపుతుందని మొదట చెప్పి, ఆ సేతువును దాటినవానికి రాత్రి సైతం పగలవుతుందని వెంటనే చెబుతుంది. నిలపడం, దాటించడం రెండూ చేసినదే సేతువు. ఆపడం మాత్రమే చేసేది అడ్డుగోడ అవుతుంది కాని సేతువు కాదు.

శ్రీమద్రామాయణంలో నలుడు ఐదు రోజులలో వరుసగా 14, 20, 21, 22, 23 యోజనాలు కట్టి నూరు యోజనాల సేతువు పూర్తిచేశాడు. ఆ లెక్క అందరూ చెబుతారు. అంతకుముందు శ్రీరామచంద్రుడు మూడు రాత్రులు దర్భలపై శయనించి సముద్రుని దారి అడిగిన సంగతిని మాత్రం త్వరగా దాటవేస్తారు. ఆ తరువాత కోపగించి బాణం సంధించిన మాట వాస్తవమే. అయినను, జగదేకవీరుడు కూడా మొదట నీటిని అడిగాడు.

కౌటిల్యుడు అర్థశాస్త్రంలో మార్గాల కొలతలు చెబుతూ సేతువులకు, అడవులకు పోయే దారులు నాలుగు దండాల వెడల్పు ఉండాలని విధించాడు. తూము కానిచోట నీటిని విడిచేవారికి, ఇతరుల తూము వద్ద అజాగ్రత్తగా నీటిని అడ్డగించేవారికి జరిమానాలు విధించాడు. దారికి కొలత చెప్పిన శాస్త్రమే నీటి దారికి రక్షణ కూడా చెప్పింది.

నేను చేసిన పొరపాటు

ఇంత చదివినవాడిని నేను చేసిన ఒక పని విన్నవించుకోకపోతే ఈ వ్యాసం కపటమవుతుంది.

ముప్పై సంవత్సరాల క్రిందట, కొల్లేటి అంచున ఉన్న మా గ్రామంలో గ్రామదేవత గుడికి పోయే దారి పల్లంలో ఉండేది. వానాకాలంలో మోకాలి లోతు నీళ్లలో నడవవలసి వచ్చేది. చందాలు పోగుచేసి ఆ దారిని మట్టికట్టతో ఎత్తు చేయించాలని పెద్దలు తలపెట్టారు. చందాల పుస్తకం నా చేతిలో పెట్టారు. పని జరుగుతుండగా గట్టుకు ఎగువన ఉన్న పేటనుండి ఒక పెద్దాయన వచ్చి, ‘పంతులుగారూ, రెండు మూడు తూములు పెట్టించండి’ అని చేతులు జోడించి అడిగాడు. తూములకు డబ్బు చాలదు, అప్పటికే ప్రతిష్ఠకు ముహూర్తం పెట్టి ఉన్నాను. ‘వచ్చే ఏడు చూద్దాములే’ అన్నాను. దారి పూర్తయింది. దాతల పేర్లతో రాతిపలక నిలిపాము. వేదాశీర్వచనం నేనే చేశాను.

ఆ భాద్రపదంలో వానలు పట్టాయి. గుడికి మేము పొడి కాళ్లతో వెళ్లాము. గట్టుకు ఎగువన పేటలో మాత్రం నీరు కదలలేదు. పదకొండు రోజులు నిలిచింది. ఆరు ఇళ్ల మట్టిగోడలు కూలిపోయాయి. నేను చూడబోతే ఒక ఇల్లాలు గుమ్మంలో మంచంమీద పసిబిడ్డను, బియ్యపు డబ్బాను పెట్టుకుని కూర్చుని ఉన్నది. ఆమె నన్ను ఒక్క పరుషవాక్యం అనలేదు. ‘నీళ్లు ఎటు పోవాలండీ?’ అని మాత్రం అడిగింది. నలభై ఏళ్లు శాస్త్రం చదివిన నా దగ్గర దానికి సమాధానం లేకపోయింది.

ఆ రాత్రి పేటవారు గట్టును కొట్టివేశారు. మరునాడు దాతలలో కొందరు ఆగ్రహించి ఫిర్యాదు ఇవ్వాలన్నారు. దేవుడి సొమ్ముతో వేసిన గట్టు కనుక ఇది దైవద్రోహం అన్నారు. సంతకం మొదట నన్నే పెట్టమన్నారు. నేను పెట్టలేదు. అడ్డగించినది మనం, విడిపించినది వారు అని చెప్పాను. నాతో రెండు సంవత్సరాలు మాట్లాడని మిత్రులు ఉన్నారు. తరువాత మూడు తూములతో ఆ దారి మళ్లీ వేశాము. తూములు అడిగిన పెద్దాయనచేతనే మొదటి కొబ్బరికాయ కొట్టించాము. ఆ దారి ఈనాటికీ ఉన్నది.

పెద్ద రహదారికీ ఇదే ధర్మం

మా ఊరి గట్టు చిన్నది. ఏలూరు కైకలూరు రహదారి పెద్దది. కానీ నీటి దృష్టిలో రెండూ ఒకటే. పడమటినుండి వచ్చే బుడమేరు మొదలైన నీళ్లు తూర్పుగా పోయి ఉప్పుటేరు చేరాలి. ఈ రహదారి వాటికి అడ్డంగా ఉన్నది. ఆ నీరు ఎడ్లగాడి వంటి చోట్ల వంతెనల ఖానాలలోనుండి పోవాలి. ఖానాలను గుర్రపుడెక్క మూసినా, ఖానాలు మోయలేనంత నీరు వచ్చినా రోడ్డు మునుగుతుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచెత్తింది. ఆ నీరు కొల్లేరు చేరిన తరువాత చినఎడ్లగాడి వద్ద రోడ్డుమీదుగా ప్రవహించి, రాకపోకలు ఆగిపోయాయి.

‘రోడ్డు ఎత్తు పెంచితే సరిపోతుంది కదా’ అని యాత్రికులు అంటారు. ఎత్తు పెంచి ఖానాలు పెంచకపోతే, మా ఊరి పేటకు జరిగినదే ఎగువ గ్రామాలన్నిటికీ జరుగుతుంది. కొల్లేటికి కావలసినది ఎత్తైన గట్టుకన్న ముందుగా పొడవైన వంతెన, శుభ్రమైన ఖానాలు. రహదారి ఒక్కటే కారణమని కూడా అనరాదు. సరస్సులో చేపల చెరువుల గట్లు విపరీతంగా పెరిగి నీటి దారులను మూశాయి. ఐదడుగుల కాంటూరు వరకు గల 308 చదరపు కిలోమీటర్ల ప్రాంతాన్ని 1999లో వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ ఒప్పందం క్రింద కొల్లేరు అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడినేలగా గుర్తింపు పొందింది. 2006లో అనేక చెరువుల గట్లను ప్రభుత్వం తొలగించింది. ఆ తొలగింపులో జీవనాధారం పోయిన పేదలూ ఉన్నారు. వారి కష్టాన్ని తక్కువచేసి మాట్లాడడం నా ఉద్దేశం కాదు. నీటికి దారి విడవక తప్పదు, మనిషికి అన్నం చూపకా తప్పదు. ఈ రెండూ కలిసినదే ధర్మం.

యాత్రికులకు, దాతలకు మనవి

ఆషాఢం నుండి కార్తికం వరకు వచ్చేవారు బయలుదేరేముందు ఏలూరులోగాని కైకలూరులోగాని రోడ్డు పరిస్థితి విచారించండి. ఏలూరు దారి మునిగి ఉంటే హనుమాన్ జంక్షన్, గుడివాడ మీదుగా కైకలూరు చేరవచ్చు. దూరమైనా క్షేమకరం. రోడ్డుమీద నీరు ప్రవహిస్తుంటే లోతు తక్కువని భ్రమించి వాహనం దింపకండి. ఆ నీటిలో రోడ్డు అంచు కనబడదు. కొల్లేటికోట వైపు లోపలి దారి మునిగితే దర్శనం మరొకనాటికి వాయిదా వేసుకోండి. తల్లి ఎక్కడికీ పోదు. వంతెనలమీద ఆగి పూలదండలు, కొబ్బరిచిప్పలు, పసుపు కుంకుమల ప్లాస్టిక్ సంచులు నీటిలో వేయకండి. ఖానాకు అడ్డుపడిన సంచి అమ్మవారికి నైవేద్యం కాదు.

దాతలకు ప్రత్యేకంగా ఒక మాట. బావి, చెరువు, తోట, అన్నదానం వంటి లోకోపకారకార్యాలను పెద్దలు పూర్తమన్నారు. యజ్ఞాదులు ఇష్టమైతే ఇవి పూర్తం. దారి వేయించడమూ ఈ కోవలోనిదే. మీరు ఏ ఊరిలోనైనా గుడి దారికి విరాళం ఇచ్చినప్పుడు పలకమీద పేరు ఎక్కడ అని అడిగేముందు తూము ఎక్కడ అని అడగండి. ఎగువన ఎవరి ఇళ్లు ఉన్నాయో ఒక్కసారి వెళ్లి చూసి రండి. మూసుకుపోయిన తూమును వానలకు ముందు శుభ్రం చేయించే ఖర్చు స్వల్పం. ఆ పనికి రాతిపలక వేయరు. అయినను అది సంపూర్ణమైన పూర్తకర్మ.

నీటి నడుమ వెలసి, జలదుర్గ అని పేరు పొందిన తల్లి దగ్గరకు మనం వెళుతున్నాము. ఆ తల్లికి చుట్టూ ఉన్న నీటికి దారి విడిచి, మన దారి మనం నడుద్దాము.

శుభం భూయాత్.